కాటు అచ్చు

పళ్ళు చేస్తాను నేను.
కొత్తపేట సందులో, స్కానింగ్ సెంటర్ పైన రేకుల గది.
గులాబీరంగు చిగుళ్ళు, వరసకి పద్నాలుగు పళ్ళు.
ఎవరి నోళ్ళో ఎప్పుడూ చూడను.
అచ్చులే వస్తాయి నా దగ్గరికి,
పేరు రాసిన చీటీ కట్టుకుని.

జంతిక నోరు చూడక్కర్లేదు,
గుమ్మంలోనే వాసన చెప్పేది.
తోక చుట్ట తిరిగి ఉంటుందని ఆ పేరు పెట్టింది సలోమి.
మిర్చి యార్డులో, టిక్కీల సందున తుమ్ముతూ దొరికింది,
రెండు దోసిళ్ళకి చాలేంత.
ఇప్పుడు పద్దెనిమిది కిలోలు.

"పళ్ళకి మంచిదంట" అంటూ
బ్రాడీపేట నుంచి ప్యాకెట్ తెచ్చింది సలోమి.
బ్రష్షు ఆకారంలో ఆకుపచ్చ పుల్లలు.
అట్ట మీద కుక్క నవ్వుతోంది,
అంత తెలుపు
నేను చేసిన పళ్ళకి కూడా రాదు.

పుల్ల ఇచ్చాం.
ఫ్యాను స్విచ్ వేసి ఇటు తిరిగేలోపు
లేదు.
"ఎంత ఇష్టమో చూడు!" అంది సలోమి.

రాత్రి ఒకటిన్నరకి
మెడ చాచి, నడుం వంచి,
లోపల్నుంచి ఎవరో చేద తోడుతున్నట్టు చప్పుడు.
బండి మీద మధ్యలో జంతిక, వెనక సలోమి.
శంకర్‌విలాస్ సెంటర్లో పోలీసాయన చెయ్యెత్తి,
దాని నోటి నురగ చూసి
చెయ్యి దించేశాడు.
హైమవతి డాక్టరుగారి గేటు ముందే కక్కింది.

పుల్ల పుల్లలాగే ఉంది.

ఫోను లైటు వేసి చేతిలోకి తీసుకున్నాను,
అలవాటు మరి.
ఒక పక్క కోరపంటి గుంట.
రెండో పక్క చిన్న గీత.
అంతే.
ఇరవై ఏళ్ళ నుంచి కాటు అచ్చులు చదువుతున్నాను,
ఇంత తక్కువ రాసిన నోరు చూళ్ళేదు.

నమలడం ఎక్కడ నేర్చుకుంటుంది?
యార్డులో
నమిలే కుక్క నోట్లోది
నమలని కుక్క లాక్కుపోతుంది.
ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో
బరువెంతో చూసుకోమన్నారు, పక్కన నీళ్ళు పెట్టమన్నారు.
ఎక్కడ పుట్టిందని మాత్రం
అడగలేదు.

నైటీ మీద తువ్వాలు కప్పుకొచ్చి
డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు.
"పైకే వచ్చింది, బతికింది. పేగులో అడ్డం పడితే కోయాల్సొచ్చేది."
"అయితే ఇవి మంచివి కావా అండీ?"
"ఏ కుక్కకి?" అన్నారావిడ.
ఇంకో పుల్ల అడిగి, బొటనవేలి గోరు గుచ్చి చూపించారు.
"దిగింది కదా, పన్ను విరగదులే.
మింగకుండా మాత్రం
మీరు పక్కన కూర్చోవాలి."

కింద వాటా కరుణకుమారి గారి పొమేరియన్
ఆరేళ్ళుగా రోజుకొకటి తింటోంది,
మెట్టు మీద కూర్చుని, ముందుకాళ్ళతో పట్టుకుని,
పెన్షన్ పడిన మనిషి పేపరు చదువుకున్నట్టు.
దానికేం కాలేదు.
రేపవుతుందని నేననను.

పని అయ్యాక ఇప్పుడు గచ్చు మీద కూర్చుంటాను.
వేలికి గుడ్డ చుట్టి దంతాలు తుడుస్తాను ముందు.
పళ్ళు వెచ్చగా ఉంటాయి.
నాకు తెలీదు ఇన్నేళ్ళూ.

తర్వాత పుల్ల.
ఒక కొస నా గుప్పిట్లో,
రెండో కొస దాని నోట్లో.
మొదట్లో గుర్రుమనేది,
నేనూ యార్డు కుక్కనే అనుకుందేమో.
నేను లాగలేదు. వదల్లేదు.
చెయ్యి తిమ్మిరెక్కేది.

నిన్న రాత్రి
కటుక్కుమంది.
ఆగి నా మొహంలోకి చూసింది.
మళ్ళీ కటుక్.

"ఏం విరిగింది?" వంటింట్లోంచి సలోమి.

ఏం లేదే,
నములుతోంది.